ఓవరీ క్యాన్సర్ తగ్గిన అమ్మకు ఇంకో క్యాన్సర్ వస్తుందా?

టెక్కలి వైపు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మకు 56 ఏళ్లు. రెండేళ్ల కిందట విశాఖపట్నంలో ఓవరీ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, ఆరు కీమోలు ఇచ్చారు. ఇప్పటిదాకా చెకప్‌లన్నీ బాగానే ఉన్నాయి. ఈ మధ్య పిన్నికి, అంటే అమ్మ సొంత చెల్లెలికి, రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఒక క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఇంకోటి కూడా వస్తుందంటున్నారు, నిజమేనా? ఆరు నెలలకోసారి ఒళ్లంతా పెట్ స్కాన్ తీయిస్తే ముందే దొరుకుతుందా? నాకూ వస్తుందా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో "అమ్మ చుట్ట మాత్రం మానలేదు" అని ఒక్క ముక్క రాసింది.

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించినవి రెండే. పిన్ని సంగతి, చుట్ట సంగతి. పెట్ స్కాన్ గురించి ఆ తర్వాత మాట్లాడదాం. నేను శ్రీకాకుళంలో చాలా ఏళ్లుగా గైనకాలజిస్టుగా పని చేస్తున్నాను. విశాఖలో ఆపరేషన్లు, కీమోలు ముగించుకుని ఇంటికొచ్చిన ఆడవాళ్లు మధ్య మధ్యలో నా దగ్గరకే చెకప్‌కు వస్తుంటారు. వాళ్లను చూస్తూ తెలుసుకున్నది, చదువుకున్నది కలిపి చెబుతాను.

ముందు సూటిగా జవాబు. ఓవరీ క్యాన్సర్ నుంచి బయటపడిన వాళ్లలో ఎక్కువమందికి రెండో క్యాన్సర్ రాదు. కానీ కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు మిగతా ఆడవాళ్ల కంటే వీళ్లకు కొంత ఎక్కువ. రొమ్ము, పెద్దపేగు, మలద్వారం దగ్గరి పేగు, చిన్నపేగు, మూత్రాశయం, పిత్తనాళం, రక్త క్యాన్సర్ ఆ లెక్కలోకి వస్తాయి. ఈ జాబితా చూసి హడలిపోకండి. ఇవన్నీ అందరికీ సమానంగా రావు. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది. మీ అమ్మగారి విషయంలో ఏ కారణం ఉందో తెలిస్తే ఏ చోట కన్నేసి ఉంచాలో తెలుస్తుంది.

పాత జబ్బు తిరగబెట్టడం వేరు, కొత్త క్యాన్సర్ రావడం వేరు. ఓవరీ క్యాన్సర్ ముదిరాక దొరికినవాళ్లలో ఎక్కువమందికి అది తిరగబెడుతుంది, అదీ చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే. కడుపులో నీరు పట్టడం, పొట్ట బిగదీసినట్టు ఉండడం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, విరేచనం సరిగా కాకపోవడం దాని గుర్తులు. ఎక్కడికి పాకినా అది ఓవరీ క్యాన్సరే. లివర్ మీదికి వెళ్లినా దానికి ఓవరీ మందులే వాడతారు. రెండో క్యాన్సర్ అలా కాదు. దాని పుట్టుక వేరు, మందులు వేరు, అది ఎంత ముదిరిందన్న లెక్క కూడా మళ్లీ మొదటి నుంచి వేయాలి.

ఈ తేడా తెలియక మన దగ్గర ప్రాణాలు పోతున్నాయి. గజపతినగరం వైపు నుంచి ఒకామె వచ్చేది. ఓవరీ క్యాన్సర్ తగ్గి కొన్నేళ్లయ్యాక రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. ఇంట్లోవాళ్లు "అది ఒళ్లంతా పాకిపోయిందమ్మా, ఇంకేటి సేత్తాం" అనుకుని ఆసుపత్రికి తీసుకెళ్లడమే మానేశారు. ఆమె తలనొప్పి మాత్రలు రాయించుకోవడానికి వస్తే మాటల్లో గడ్డ సంగతి బయటపడింది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపితే అది పాకినది కాదని తేలింది. కొత్తగా పుట్టిన రొమ్ము క్యాన్సర్, అదీ తొలి దశలో. ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడు మనవరాలిని బడికి దిగబెట్టి వస్తోంది. అందుకని ఎంత చెప్పినా తక్కువే: కొత్త చోట ఏదైనా కనిపిస్తే ముక్క పరీక్ష కాకుండా "పాతదే పాకింది" అనే మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. సూది గుచ్చితే గడ్డ ఒళ్లంతా పాకుతుందని మన ఊళ్లలో ఒక భయం ఉంది. రొమ్ము గడ్డ విషయంలో దానికి ఆధారం లేదు.

ఇప్పుడు మీ అమ్మగారి ఫైలు తీయండి. అందులో ఆపరేషన్ తర్వాత ఇచ్చిన ముక్క పరీక్ష రిపోర్టు ఉంటుంది, హిస్టోపాథాలజీ అని రాసి ఉంటుంది. చాలామంది డిశ్చార్జి కాగితం, బిల్లులు దాచుకుని దీన్ని పారేస్తారు. అన్నిటికంటే జాగ్రత్త చేయాల్సింది ఇదే. మనం ఓవరీ క్యాన్సర్ అని ఒకే పేరుతో పిలుస్తున్నా, అందులో చాలా రకాలున్నాయి. హై గ్రేడ్ సీరస్ అని ఉంటే బ్రాకా అనే జీన్లలో వంశపారంపర్య లోపం ఉందేమో ఆలోచించాలి. ఎండోమెట్రియాయిడ్ అనో, క్లియర్ సెల్ అనో ఉంటే లించ్ సిండ్రోమ్ అనే ఇంకో వంశపారంపర్య సమస్య ఉందేమో చూడాలి. గ్రాన్యులోజా సెల్ అయితే ఆ గడ్డే ఈస్ట్రోజెన్ హార్మోన్ తయారు చేస్తుంది కాబట్టి గర్భసంచి లోపలి పొర సంగతి చూడాలి. చిన్న వయసు అమ్మాయిలకు వచ్చే జెర్మ్ సెల్ రకం పూర్తిగా వేరే దారి. రిపోర్టు పోయిందంటే చికిత్స చేసిన ఆసుపత్రిలో కాపీ అడగండి. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో పెట్టి బ్లాక్‌గా దాచి ఉంచుతారు, అవసరమైతే ఆ బ్లాక్ మీదే మళ్లీ పరీక్షలు చేయవచ్చు.

ఇక పిన్ని విషయం. అక్కకు ఓవరీ, చెల్లికి రొమ్ము. ఈ రెండూ ఒకే ఇంట్లో కనిపిస్తే ఏ క్యాన్సర్ డాక్టరైనా ముందుగా అడిగేది జీన్ పరీక్ష అయిందా అని. నిజానికి పిన్నికి ఏమీ లేకపోయినా మీ అమ్మగారికి ఆ పరీక్ష చేయించాల్సిందే. ఎపిథీలియల్, అంటే ఎక్కువమందికి వచ్చే రకం ఓవరీ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఆడమనిషికీ, వయసుతో, కుటుంబ చరిత్రతో సంబంధం లేకుండా, ఈ పరీక్ష చేయాలని ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. ఎందుకంటే ఈ రోగుల్లో సుమారు 15 శాతం మందికి బీఆర్‌సీఏ1 లేదా బీఆర్‌సీఏ2 జీన్‌లో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. మనం బ్రాకా అంటున్నది వీటినే. కణంలో డీఎన్ఏ తెగితే సరిచేసే పని ఈ జీన్లది. అవి పని చేయకపోతే అలా తెగిన చోట్లు పేరుకుని క్యాన్సర్‌కు దారి తీస్తాయి. ఈ లోపం ఉన్న ఆడవాళ్లకు 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతమని 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఓవరీ క్యాన్సర్ అయితే బీఆర్‌సీఏ1తో 44 శాతం, బీఆర్‌సీఏ2తో 17 శాతం.

ఈ అంకెలు చూసి "అయితే అమ్మకు రొమ్ములు తీయించేయాలా" అని కంగారు పడకండి. అప్పటికే ఓవరీ క్యాన్సర్‌కు చికిత్స అయినవాళ్లలో, బ్రాకా లోపం ఉన్నా, మొదటి కొన్నేళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చేది తక్కువమందికే. ఆ సమయంలో ఆయుష్షును నిర్ణయించేది ఓవరీ జబ్బే. అందుకని డాక్టర్లు వెంటనే రొమ్ము ఆపరేషన్ అనరు. ఎమ్మారై, మామోగ్రామ్‌లతో కనిపెట్టుకుంటూ ఉంటారు. ఓవరీ జబ్బు తిరగబెట్టకుండా కొన్నేళ్లు గడిస్తే అప్పుడు ఆపరేషన్ గురించి తీరిగ్గా మాట్లాడతారు.

పరీక్ష చేసేది రక్తంతో, కొన్నిచోట్ల ఉమ్మితో. దానికి ముందు ఒకసారి, రిపోర్టు వచ్చాక ఒకసారి కౌన్సెలింగ్ ఉంటే మంచిది. రిపోర్టులో లోపం ఉందనో, లేదనో కాకుండా "అర్థం ఇంకా తేలని మార్పు" అనే మూడో రకం జవాబు కూడా రావచ్చు, వీయూఎస్ అని రాస్తారు. అలాంటి రిపోర్టు చూసి ఆపరేషన్లకు పరుగెత్తకూడదు. మీ అమ్మగారి పరీక్ష ముందు చేయించాలి, మీది తర్వాత. జబ్బు వచ్చిన మనిషిలో లోపం ఎక్కడుందో తెలిస్తే మిగతావాళ్లలో ఆ ఒక్క చోటే వెతికితే సరిపోతుంది.

వంశం అడిగినప్పుడు మనవాళ్లు అమ్మ వైపు మాత్రమే చెబుతారు. ఆడవాళ్ల జబ్బు కదా, ఆడవాళ్ల వైపు నుంచే వస్తుందనుకుంటారు. బ్రాకా లోపం తండ్రి నుంచి కూడా అంతే వస్తుంది. కొడుకుకైనా కూతురికైనా సగం సగం అవకాశం. మీ మేనమామకు ఆ లోపం ఉంటే ఆయనకు ఏ జబ్బూ లేకుండానే కూతురికి ఇవ్వవచ్చు. మగవాళ్లకు కూడా, ముఖ్యంగా బీఆర్‌సీఏ2 ఉంటే, ప్రోస్టేట్ క్యాన్సర్, అరుదుగా రొమ్ము క్యాన్సర్ వస్తాయి. అందుకని నేను ఓపీలో తెల్ల కాగితం మీద గీతలు గీసి అడుగుతాను. తాత, నాయనమ్మ, అమ్మమ్మ, పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు, ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో. "మా మేనత్త కడుపులో గడ్డతో పోయింది, అప్పట్లో ఏటో తెలీనేదు" అన్న మాట చాలాసార్లు అక్కడే బయటికొస్తుంది. ఆ "కడుపులో గడ్డ" ఓవరీ కావచ్చు, పేగు కావచ్చు. రాయండి, వయసుతో సహా.

ఇంకో సంగతి. మన ఉత్తరాంధ్రలో మేనరికాలు ఎక్కువ. మీ అమ్మానాన్నలదో, మీదో మేనరికమైతే జీన్ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. భార్యాభర్తలు దగ్గరి రక్తసంబంధీకులైతే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. బీఆర్‌సీఏ2 లోపం ఇద్దరి నుంచీ బిడ్డకు చేరితే ఫాంకోనీ ఎనీమియా అనే తీవ్రమైన రక్త సమస్య రావచ్చు. లించ్ జీన్లలో అలా జరిగితే పిల్లలకు చిన్నతనంలోనే క్యాన్సర్లు వస్తాయి. ఇవి చాలా అరుదు. కానీ పెళ్లి సంబంధం ఇంట్లోనే కుదుర్చుకునే ముందు తెలిసి ఉండాల్సిన మాట.

లించ్ సిండ్రోమ్ గురించి కూడా రెండు మాటలు. మీ వంశంలో 50 ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్, గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్లు ఉన్నారా చూడండి. అది ఉన్నవాళ్లకు పెద్దపేగు, చిన్నపేగు, మూత్రనాళాలు, పిత్తనాళం, ఇవన్నీ ముప్పున్న చోట్లే. ముందు చెప్పిన మైనం బ్లాక్ మీద ఎమ్ఎమ్ఆర్ అనే పరీక్ష చేస్తే అనుమానం తేలుతుంది. ఉందని తేలితే ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేయించాలి. చిన్న బుడిపెల దశలోనే పేగులోంచి తీసేయవచ్చు. లించ్ లేకపోయినా ఒక జాగ్రత్త అందరికీ చెబుతాను. విరేచనంలో రక్తం పడితే మొలలు అనుకుని నాటు మందు వాడకండి. ఓవరీ క్యాన్సర్ వచ్చిపోయిన మనిషికి అది మొలలే అని పరీక్ష చేసి చెప్పాలి గానీ ఊహించి చెప్పకూడదు. మూత్రంలో రక్తం కూడా అంతే.

చికిత్స వల్ల వచ్చే ముప్పు గురించి మీరు అడగలేదు, కానీ ఎక్కడో ఒకచోట వింటారు కాబట్టి చెబుతాను. మీ అమ్మగారికి ఎక్కించిన కీమోలో కార్బోప్లాటిన్ ఉండే ఉంటుంది. అది ప్లాటినం మందు. ఈ మందులు ఎముక మజ్జను కూడా తాకుతాయి. కొందరికి కొన్నేళ్ల తర్వాత లుకేమియా అనే రక్త క్యాన్సర్ వస్తుంది. ఎంతమందికి? 1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఉత్తర అమెరికా, ఐరోపా రోగుల మీద చేసిన పెద్ద పరిశీలన వచ్చింది. ప్లాటినం కీమో తీసుకున్న 10,000 మంది ఓవరీ రోగులను పదేళ్లపాటు గమనిస్తే అదనంగా 21 మందికి లుకేమియా రావచ్చని వాళ్ల లెక్క. మందు మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. అంటే ఆరు సైకిళ్లతో ఆగిన మీ అమ్మగారికి ఇది చాలా చిన్న భయం. జబ్బు తిరగబెట్టి మళ్లీ మళ్లీ కీమో ఎక్కించుకున్నవాళ్లకు కాస్త పెద్దది. ఆ మందులు లేకపోతే ఓవరీ జబ్బుతోనే పోయేవాళ్లు ఎంతమందో తలచుకుంటే ఈ బేరం తప్పు కాదు. ఈ మాట విని కీమో మధ్యలో మానేద్దామని ఎవరైనా అనుకుంటే దయచేసి అలా చేయవద్దు.

ఒలపారిబ్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బ్రాకా లోపం ఉన్నవాళ్లకు ఈ మాత్రలు ఎంతో మేలు చేశాయి, జబ్బును ఏళ్ల తరబడి దూరంగా ఉంచుతున్నాయి. కొద్దిమందికి మాత్రం మజ్జ దెబ్బతిని రక్త క్యాన్సర్‌గా మారవచ్చు. అందుకే మొదటి ఏడాది నెలనెలా సీబీసీ చేయించమంటారు. మన దగ్గర ఆ రక్త పరీక్ష ఎగ్గొట్టేసి మాత్రలు మాత్రం తెప్పించుకుంటారు. సీబీసీ ఏ చిన్న ల్యాబ్‌లోనైనా అయ్యే పరీక్ష. కారణం లేకుండా నీరసం, పాలిపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద నల్ల కమురు మచ్చలు, మాటిమాటికీ జ్వరం ఉంటే "కీమో నీరసం ఇంకా పోలేదు" అని సర్దిచెప్పుకోకుండా ఆ వారంలోనే సీబీసీ చేయించండి.

ఇప్పుడు చుట్ట. దీని గురించే నాకు ఎక్కువ బెంగ.

మీ అమ్మగారు నిప్పు బయటికి పెట్టి కాలుస్తారో, లోపలికి పెట్టి అడ్డపొగ కాలుస్తారో మీరు రాయలేదు. మన జిల్లాలో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ ఉంది, అందరికీ తెలుసు. సముద్రపు గాలికి ఆరిపోదని కొందరు, నాట్లు వేసేటప్పుడు బూడిద పడదని కొందరు, పంటి నొప్పికని కొందరు మొదలుపెడతారు. నిప్పు నోట్లో ఉండడంతో ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా పొగాకు వల్ల నోటి క్యాన్సర్ వచ్చేది బుగ్గలో, నాలుక పక్కన. అడ్డపొగ కాల్చేవాళ్లకు అంగిలి మీద వస్తుంది. 1971లోనే శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చే మార్పుల గురించి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. నోటి క్యాన్సర్ పుస్తకాల్లో మన జిల్లా పేరు దీనితోనే నిలిచిపోయింది.

మరి ఓవరీ జబ్బు తగ్గిన మనిషి విషయంలో ఏం జరుగుతోంది? మూడు నెలలకోసారి విశాఖ వెళ్లి సీఏ-125 అనే రక్త పరీక్ష చేయిస్తారు, కడుపు స్కాన్ తీయిస్తారు, అంకె రెండు పెరిగితే రాత్రంతా నిద్రపోరు. నోరు మాత్రం ఎవరూ చూడరు. నేను చెకప్‌కు వచ్చినవాళ్లను నోరు తెరవమంటే "ఏటమ్మా, కడుపు జబ్బుకి నోరు కూడా సూత్తారేటి?" అంటారు. చూస్తాను. కట్టుడు పళ్లుంటే తీయిస్తాను. తల వెనక్కి వాల్చమని టార్చి వేస్తే అడ్డపొగ కాల్చేవాళ్ల అంగిలి ఎండిన చెరువులా బీటలు వారి తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు మధ్య చిన్న చిన్న ఎర్ర చుక్కలుంటాయి. ఆ దశలో చుట్ట మానేస్తే చాలామందికి తగ్గుతుంది. ఆ తెలుపులో ఒకచోట ఎర్రగా, వెల్వెట్ గుడ్డలా మచ్చ ఉన్నా, పుండు ఉండి రెండు వారాల్లో మానకపోయినా, ఒకచోట గట్టిగా తగిలినా ముక్క పరీక్ష చేయించాలి. ఇది మీరే ఇంట్లో చూడవచ్చు. పగటి వెలుతురులో గడప దగ్గర కూర్చోబెట్టి, ఫోను టార్చి వేసి, అంగిలి, నాలుక కింద, రెండు బుగ్గల లోపల నెలకోసారి చూడండి. మెడలో గడ్డలు తడమండి. గొంతు బొంగురుపోవడం, ముద్ద దిగకపోవడం ఉంటే వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. చుట్ట ఊపిరితిత్తులకు, అన్నవాహికకు, మూత్రాశయానికి కూడా చేటే. ఓవరీ క్యాన్సర్లలో మ్యూసినస్ రకానికి కూడా పొగాకుతో సంబంధం ఉందని తేలింది.

మాన్పించడం ఎలా? తిట్టి మాన్పించలేరు. క్యాన్సర్ మీదుగా నడిచివచ్చిన మనిషికి చావు పేరు చెప్పి భయపెట్టడం నాకు ఇష్టం ఉండదు, పని చేయడమూ చూడలేదు. పొద్దున్న కాలకృత్యానికి చుట్ట కావాలి అంటారు చాలామంది, అది నిజమైన ఇబ్బందే. కీమో తర్వాత మలబద్ధకం ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. ముందు ఆ మలబద్ధకానికి మందు ఇప్పించండి, సగం సాకు పోతుంది. నికోటిన్ గమ్, ప్యాచ్‌లు డాక్టరుతో మాట్లాడి వాడవచ్చు. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఫోన్ ఉచితం. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మందితో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పడం వల్ల మానినవాళ్లు పెరిగారు, నోట్లో కొత్త మచ్చలు రావడం తగ్గింది. కాబట్టి ఈ వయసులో మాని ఏం లాభం అన్న మాటకు మన జిల్లా ఆడవాళ్లే జవాబు చెప్పారు.

పెట్ స్కాన్ అడిగారు. ఏ ఇబ్బందీ లేని మనిషికి రెండో క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి పెట్ స్కాన్ తీయించమని నేను చెప్పను, ఏ మార్గదర్శకమూ చెప్పదు. ఒళ్లంతా రేడియేషన్ పడుతుంది, డబ్బు పోతుంది. ఆ స్కాన్‌లో వెలిగి కనిపించేది క్యాన్సర్ ఒక్కటే కాదు. పాత టీబీ గడ్డ, చిన్న ఇన్‌ఫెక్షన్, ఏదైనా వెలుగుతుంది. మన దగ్గర టీబీ ఎంత ఎక్కువో మీకు తెలుసు. వెలిగిన ప్రతిదాని వెనకా పరుగెత్తితే ఇల్లు గుల్లవుతుంది. సీఏ-125 కూడా అలాంటిదే. 35 లోపు మామూలు అంటారు గానీ కడుపు టీబీ, లివర్ జబ్బు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు, గుండె జబ్బు, వీటన్నిటిలో పెరుగుతుంది. కొత్త క్యాన్సర్ వెతకడానికి అది పనికిరాదు. అనుమానం ఉన్నచోట, డాక్టరు కారణం చెప్పి అడిగినప్పుడు పెట్ స్కాన్ తీయించండి, అప్పుడది చాలా ఉపయోగం.

మీది టెక్కలి వైపు కాబట్టి ఒకటి. మీ చుట్టాలు పలాస, వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట వైపు ఉంటే ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. స్కాన్‌కు ముందు ఎక్కించే కాంట్రాస్ట్ మందు దెబ్బతిన్న కిడ్నీకి భారం. ఏ సీటీకి వెళ్లినా క్రియాటినిన్ రిపోర్టు చేతిలో పట్టుకెళ్లండి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే పెయిన్ కిల్లర్లు వాడనివ్వకండి.

మరి చేయించాల్సినవేంటి? ఓవరీ చెకప్ మామూలుగా మొదటి రెండేళ్లు రెండు నుంచి నాలుగు నెలలకోసారి, తర్వాత మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. దాంతోపాటు మామోగ్రామ్. అది మీకు దగ్గర్లో లేకపోతే విశాఖ చెకప్ రోజునే కలిపి పెట్టించుకోండి, వేరే ప్రయాణం తప్పుతుంది. ఆపరేషన్‌లో గర్భసంచి, దాని ముఖద్వారం రెండూ తీశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. రెండూ తీసేసి ఉంటే ఆ రెండు క్యాన్సర్ల భయం దాదాపు లేనట్టే. ముఖద్వారం ఉంచితే ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కొనసాగించాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. మీ ఊరి ఆశా వర్కర్‌ను, విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారి సీహెచ్ఓను అడగండి. అమ్మతోపాటు మీరు కూడా వెళ్లండి.

మీ సంగతికి వస్తే, అమ్మగారి జీన్ పరీక్షలో లోపం తేలితేనే మీకు ఆ పరీక్ష. అప్పుడు మీకు ఉండే అవకాశం సగం. మీలో ఆ లోపం లేదంటే మీ ముప్పు దాదాపు మిగతా ఆడవాళ్లతో సమానం, ఈ బరువు అక్కడితో దించేయవచ్చు. ఉందని తేలితే 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా. పిల్లలు చాలనుకున్నాక బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40 నుంచి 45 మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించమంటారు. ఓవరీ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకునే నమ్మకమైన స్కానింగ్ లేదు కాబట్టే ఆ సలహా. అమ్మ పరీక్షలో ఏమీ లేదని వచ్చినా పిన్ని ఉన్నారు కాబట్టి ఆవిడ రిపోర్టు కూడా కౌన్సెలర్‌కు చూపించండి. పెళ్లి కావాల్సిన అమ్మాయైతే ఇంట్లోవాళ్లు పరీక్ష వద్దంటారు, సంబంధాలు రావని. ఆ భయం నాకు అర్థమవుతుంది. రిపోర్టు మీది, ఎవరికి చెప్పాలో మీ ఇష్టం, ఊరికి చాటక్కర్లేదు.

వచ్చే చెకప్‌కు వెళ్లినప్పుడు ముక్క పరీక్ష రిపోర్టు, కీమో చార్టు, పిన్ని బయాప్సీ కాపీ, ఇంటివాళ్ల వివరాలు రాసిన కాగితం పట్టుకెళ్లి, "అమ్మకు జీన్ పరీక్ష రాయండి" అని నోరు తెరిచి అడగండి. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది. చికిత్స ఎక్కడ జరిగితే ముందు అక్కడే అడగడం సులువు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్ర చెబుతారు. క్యాన్సర్ రోగులు చెకప్‌కు వెళ్లేందుకు రైలు ఛార్జీలో రాయితీ ఉంది, తోడు వెళ్లేవాళ్లకు కూడా. దానికి ఆసుపత్రి నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. జీన్ రిపోర్టు చేతికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. వచ్చాక జీన్ పేరు, దాని పక్కన రాసిన అక్షరాలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి. అమ్మ నోరు చూసినప్పుడు అంగిలి ఎలా ఉందో అది కూడా రాయండి.